గొడుగు విమానం, అరుగు విమానం

సభకు అధ్యక్షత వహించిన మా గురువుగారు జయరాజ్ సార్‌కు, వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరుసలో కూర్చొని ఇప్పటికే నన్ను గుర్రుగా చూస్తున్న మా మారెన్న గారికి, ఆయన పక్కన నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న మా వదినమ్మ రామేశ్వరమ్మకు, కోసిగి నుంచి బస్సు మాట్లాడుకొని వచ్చిన బంధువులకు, బేతంచర్ల నుంచి వచ్చిన మా వాళ్లకు, పొద్దుటి బేరం వదులుకొని కడప నుంచి వచ్చిన టిఫిన్ హోటలు అయ్యన్నకు, కుర్చీలు చాలక గోడకు ఆనుకొని నిలబడిన తమ్ముళ్లకు, అందరికీ నమస్కారం, అస్సలాము అలైకుం. మైకు నా చేతికి ఇచ్చేటప్పుడు సార్ నా చెవిలో ఒక మాట చెప్పినారు, తొందరగా దిగు బాషా అని. విమానం నేర్పేటప్పుడు కూడా సార్ నాకు ఇదే మాట చెప్పేవారు, నేను ఏనాడూ వినలేదు. (నవ్వులు)

ముందుగా ఒక సంగతి తేల్చేస్తాను. ఈ సన్మానం ఎవరికో హాల్లో ఉన్న అందరికీ తెలుసు, ఒక్క మనిషికి తప్ప. మీకు పంచిన కార్డుల్లో మారెన్న పేరు ఉంది. మారెన్నకు పంపిన కార్డులో మాత్రం నా పేరు ఉంది. ఆ ఒక్క కార్డు వేరేగా కొట్టేదానికి ప్రెస్సు ఆయన్ను శానా బతిమాలినా. ఎందుకంటే తన సన్మానం అంటే ఈయన రాడు, నా సన్మానం అంటే నన్ను నాలుగు మాటలు అనే అవకాశం యాడ పోతుందోనని పరిగెత్తుకొని వస్తాడు. చూడండి, వచ్చినాడు. నాకు కప్పేదానికి శాలువా కూడా తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాడు. మంచి శాలువానే తెచ్చినావు మారెన్నా, సార్ చేతుల మీదుగా అది నీకే కప్పుతాం. లేచి పోవాలని చూడాకు, మా మెకానిక్ ఈరేష్‌ను గేటు కాడ నిలబెట్టినా, నీ కారు తాళాలు వాని జేబులో ఉండాయి. (నవ్వులు)

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మన కర్నూలు, కడప దిక్కు కార్లున్నోళ్లు, లారీలున్నోళ్లు, క్వారీలున్నోళ్లు కావలసినంత మంది ఉన్నారు. సొంతానికి చిన్న విమానం పెట్టుకున్న పిచ్చోళ్లం మేమిద్దరమే. ఈ సభ పెట్టిన మా చిన్న విమానాల సంఘంలో సభ్యులు ఐదుగురు, అందులో విమానాలున్నోళ్లం మేమిద్దరం, మిగతా ముగ్గురూ మా తగాదాలు తీర్చేదానికి చేరినవాళ్లు.

మారెన్నది కోసిగి దిక్కు. వానలు లేక ఊరు ఊరంతా సుగ్గికని కూలి పనులకు వలసపోయే కాలంలో అమ్మానాయనల వెంట పరాయి జిల్లాకు పోయి మిరపకాయలు కోసినోడు, పెద్దయినాక బోరుబండి కొనుక్కొని, రాళ్లు తప్ప ఏమీ దొరకని మన నేలలో నీళ్లు వెతికినోడు. ఒక ఎండాకాలం ఓర్వకల్లు గుట్టల కాడ బోరు వేస్తా ఉంటే నెత్తి మీద చిన్న విమానం పోయిందంట. ఇన్నేండ్లూ కిందికి తొవ్వినా, ఒకసారి పైకి పోయి చూడాల అనుకున్నాడంట. అది ఆయన కారణం, గొప్పగానే ఉంది. నా కారణం అంత గొప్పది కాదు. నేను బేతంచర్లలో నాపరాళ్లు అమ్ముకునేవాణ్ణి, మా పాలిష్ ఫ్యాక్టరీలో ఆయన వేసిన బోరుకు నీళ్లు పడి స్నేహితులమైనాం, ఆయన విమానం కొన్నాడు కాబట్టి నేనూ కొన్నా. మారెన్న గడ్డి తింటే నువ్వూ తింటావా అని మా ఇంటామె రహమత్ బీ ఆ రోజు అడిగింది, ఇప్పటికీ అడుగుతాంటాది.

అయితే ఆయన కొన్న రకం కొనలేదు. కొంటే ఆయన గెలిచినట్టు అవుతుంది కదా. ఆయనది రెక్క కిందుండే విమానం, రెక్క మీద కాలు పెట్టి లోపలికి ఎక్కాల. నాది రెక్క పైనుండేది, రెక్క కింద నడుచుకుంటా పోయి ఎక్కాల. తొలిరోజే మారెన్న నా విమానం చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చి, ఏమప్పా బాషా, గొడుగు కొనుక్కున్నావా అన్నాడు. నేను పోయి ఆయన రెక్క మీద చతికిలబడి, నువ్వు అరుగు కట్టించుకున్నావు, దానికి గొడుగుంటే బాగుంటాదని కొన్నా అన్నా. ఆ రోజు నుంచి కంపెనీలు పెట్టిన పేర్లు పోయి ఓర్వకల్లు ఎయిర్‌పోర్టులో మా విమానాలకు గొడుగు, అరుగు అనే పేర్లే నిలిచిపోయినాయి. ఈరేష్ ఒకసారి రసీదు మీద కూడా అరుగుకు ఆయిల్ మార్చినాను అని రాసిచ్చినాడు.

ఓర్వకల్లు ఎండ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. విమానాలు నిలబెట్టే చోట చెట్టు లేదు, చేమ లేదు, చుట్టూ రాళ్లగుట్టలు, టిఫిన్ల వేళకే నేల పెనం మాదిరి కాగుతుంది. ఆడ నీడ అంటే నా రెక్క కింద నీడే. సార్ పేపరు చదివేది దాని కిందనే, ఈరేష్ స్పానర్లు పరుచుకునేది దాని కిందనే, వదినమ్మ చిత్రాన్నం డబ్బా తెరిచేది దాని కిందనే. మారెన్న మాత్రం నెత్తిన తుండుగుడ్డ వేసుకొని ఎండలో నిలబడేవాడు. నీ గొడుగు కిందికి వచ్చేకంటే మాడి మసైపోతా అనేవాడు. ఈ మనిషికి ఎంత పౌరుషం ఉండాదప్పా అని నేను కూడా లోలోపల మెచ్చుకున్నా. శానా రోజులకు కనిపెట్టినా, పొద్దు ఎక్కేకొద్దీ నా రెక్క నీడ మెల్లగా జరుగుతాది, ఈయన ముందే పోయి సరిగ్గా ఆ నీడ వచ్చే చోట నిలబడతాండాడు. ఏమి మారెన్నా ఇది అని అడిగితే, నీడే నా కాడికి వచ్చింది, నేను దాని కాడికి పోలేదు అన్నాడు. (నవ్వులు)

నెలకొక ఆదివారం పొద్దున రెండు విమానాలూ కడపకు పోయేవి, అయ్యన్న హోటల్లో కారం దోసె తినేదానికి. దోసె పేరుకే, అసలు సంగతి పందెం. పక్కపక్కన పోయేది లేదు, మధ్యలో బాగా ఎడం ఇచ్చి ఒకరి తర్వాత ఒకరు లేవాల, ఎవరికి తక్కువ టైము పడితే వాళ్లు గెలిచినట్టు, లెక్క సార్‌ది. దుడ్ల పందెం సార్ ఒప్పుకోరు. అందుకని ఓడినోడు హోటల్లో అందరి ముందర గెలిచినోని విమానాన్ని పొగడాల. ఆ పొగడ్త మనసారా ఉందని అయ్యన్న ఒప్పుకునేదాకా ఓడినోని దోసె పెనం మీద నుంచి దిగదు. మారెన్న ఓడిన రోజు ఏమని పొగిడేవాడో తెలుసా? బాషా విమానం శానా గొప్పది, గుడ్డలు ఆరేసుకునేదానికి అట్లాంటి దండెం జిల్లాలో ఇంకోటి లేదు అనేవాడు. నేను ఓడిన రోజు, మారెన్న విమానానికి ఉండేది ఒకటే తలుపు, అది కూడా నడిపేవాని పక్కన కాకుండా చుట్టం పక్కన పెట్టినారు, చుట్టాలకు అంత మర్యాద చేసే విమానం నేను చూడలేదు అనేవాణ్ణి. అయ్యన్న అట్లకాడ పట్టుకొని తల అడ్డంగా ఊపేవాడు. ఇన్నేండ్లలో మా ఇద్దరిలో ఓడినోడు మాడని దోసె తిన్న రోజు ఒక్కటి లేదు.

ఒక ఆదివారం నేను ఓడిపోయి, ఆయన గెలిచి ఓర్వకల్లుకు తిరిగిపోయినాక, కడపలో నా విమానం టైరు కూచుండిపోయింది. మారెన్నకు ఫోన్ చేసినా. ఈరేష్‌ను, కొత్త టైరును ఎక్కించుకొని మళ్లీ కడపకు వచ్చినాడు. వచ్చి, టైరు ఒళ్లో పెట్టుకొని రెక్క మీద కూర్చొని, పొద్దున పొగిడింది సరిగా లేదు, మళ్లీ పొగుడు, అప్పుడు ఇస్తా అన్నాడు. పొగిడినా, ఏం చేస్తా. పని నడుమ జాకీ కొంచెం జారితే, మేము అరిచేలోపలే ఆయన వచ్చి నా రెక్కకు భుజం ఆనించి, ఈరేష్ సర్దుకునేదాకా చెమటలు కార్చుకుంటా నిలబడినాడు. చూసినావా, నా గొడుగు కిందికి వచ్చినావు అన్నా. కిందికి రాలేదప్పా, మోసినా అన్నాడు. (నవ్వులు, చప్పట్లు)

పూల సంగతి వదిలేస్తే మారెన్న ఊరుకోడు. ఈ కథ ఆయన చెప్పని చోటు లేదు, కానీ సగమే చెబుతాడు. మొదటి సగం నేను చెబుతా. వాళ్ల సొంతూర్లో ఆయన వేసిన బోరుతో కొత్త నీళ్లట్యాంకు కట్టినారు. ప్రారంభం రోజు పైనుంచి పూలు చల్లాలని ఊరోళ్లు అడిగితే, కావలసిన పర్మిషన్లన్నీ తెచ్చుకొని, గంపెడు బంతిపూల రేకులు పక్క సీట్లో పెట్టుకొని మారెన్న లేచినాడు. ఆయన విమానంలో నడిపేవాని పక్కన ఉండేది అరచేయంత కిటికీ. అది తెరిచి పిడికిలి బయట పెట్టి పూలు వదిలినాడు. ఒక్క రేకు కింద పడలేదు. గాలికి అన్నీ తిరిగి లోపలికే వచ్చినాయి, నోట్లోకి, చెవుల్లోకి, చొక్కాలోకి. ఓర్వకల్లులో తలుపు తెరుచుకొని కొత్త పెండ్లికొడుకు మాదిరి దిగినాడు. (నవ్వులు)

ఆయన చెప్పే సగం ఏమంటే, తర్వాత ఊరోళ్లు నన్ను అడిగితే, ఇంకో గంప తీసుకొని నేనూ మా కూతురు షాహనా పోయినాం. నా కిటికీ బాగా తెరుచుకుంటుంది, ఆ గర్వంతోనే పోయినా. ఎండాకాలం ఆ దిక్కు ఊర్లన్నీ పైనుంచి ఒకటే మాదిరి ఉంటాయి, ఒక గుట్ట, ఒక బడి, ఒక ట్యాంకు, చుట్టూ ఎర్రనేల. ట్యాంకు పక్కన షామియానా, జనం కనపడినారు. పొయ్యమ్మా అన్నా, షాహనా గంప మొత్తం కుమ్మరించింది. అది పక్కూరు. ఆ షామియానా ఎవరో పెద్దాయన దినాల భోజనాలకు వేసింది. ఆకుల్లో అన్నం కలుపుకుంటాండే జనం మీద ఆకాశం నుంచి బంతిపూలు పడినాయి. వారం తర్వాత ఆ ఇంటోళ్లు ఇద్దరు నన్ను వెతుక్కుంటా బేతంచర్లకు వచ్చినారు. కొట్టేదానికి వచ్చినారేమో అని నేను రాళ్ల ఎనక దాక్కున్నా. వాళ్లు నా చేతులు పట్టుకొని, మా నాయన బతికినంత కాలం ఊరందరితో తగాదాలే, ఆ పూలు పడినాక అందరూ ఆయన్ను పుణ్యాత్ముడు అంటాండారు, శానా మేలు చేసినావు అని చెప్పి ఒక మూట ఉల్లిగడ్డలు ఇచ్చిపోయినారు. ఆ ఉల్లిగడ్డల్లో సగం మారెన్న వచ్చి తీసుకపోయినాడు, పూలు మా ఊరివి కదా అని. (నవ్వులు)

సార్ గడియారం చూపిస్తాండారు. ఇంక అసలు సంగతికి వస్తా, మిమ్మల్నందర్నీ పిలిచింది దీని కోసమే.

విమానం నడిపేవాళ్లు అప్పుడప్పుడు డాక్టరు ముందర నిలబడాల. ఈ ఏడు మారెన్నను చూసిన డాక్టరు, షుగరు కండ్లకు పాకింది, ఇంక విమానం నడపకూడదు అని చెప్పినాడు. ఆ మాట ఈయన ఎవరికీ చెప్పలేదు. నాకు ఫోన్ చేసి, బోర్ల పని ఎక్కువ ఉండాది బాషా, ఈ ఆదివారం నువ్వు పోయిరా అన్నాడు. మరుసటి నెలా అదే మాట. నేను ఒక్కణ్ణే పోయినా. ఓడించేదానికి మనిషి లేడు, పొగిడేదానికి మనిషి లేడు, దోసె మాడకుండా వచ్చింది, సగం తిని వదిలేసినా. యాడప్పా నీ అరుగాయన అని అయ్యన్న అడిగితే, బోర్ల పనిలో ఉండాడని చెప్పి వచ్చేసినా. తర్వాత వదినమ్మ మా ఇంటికి వచ్చి రహమత్ బీ కాడ కండ్లనీళ్లు పెట్టుకుంటే తెలిసింది. విమానాన్ని అద్దె షెడ్డులోకి తోయించి, టార్పాలిన్ పట్టా కప్పి తాళం వేసినాడంట, బెంగళూరు ఆసామి ఎవరికో అమ్మేదానికి మాట్లాడుకుంటాండాడంట.

అప్పటి నుంచి ఈయన ఓర్వకల్లులో అడుగుపెట్టలేదు. అది కూడా చాలదు. కర్నూలు నుంచి నంద్యాలకు పోవాలంటే ఓర్వకల్లు మీద పోవాల, ఎవరైనా పోయే దారి అదే. మారెన్న ఆత్మకూరు మీద తిరుక్కొని పోతాండాడు. ఓర్వకల్లు రోడ్డున పోతే లేచే విమానం కంట్లో పడతాదని. అంత దూరం కాల్చిన డీజిలు బోరుబండికి పోసింటే ఇంకో ఊరికి నీళ్లు పడుండేవి. (నవ్వులు) నవ్వండి, నవ్వాలనే చెప్పినా. కానీ ఈయన డ్రైవరు ఈ సంగతి చెప్పిన రోజు నాకు నవ్వు రాలేదు. మారెన్నా, నీ కండ్లకు వచ్చిన కష్టం సరే, అది నాకు కూడా చెప్పకుండా ఒక్కడివే మోసినావు చూడు, దానికి నాకు శానా బాధైంది, కోపం కూడా వచ్చింది. నువ్వు కొన్నావని నేను విమానం కొన్నా. నువ్వు లేకుండా దాన్ని నడిపే సరదా నాకు లేదు.

అందుకని ఒక పని చేసినా, సార్‌కు, షాహనాకు తప్ప ఎవరికీ తెలియదు. నువ్వు ఆత్మకూరు చుట్టూ తిరిగిన ఆ నెలల్లో నేను సార్‌ను వెంటబెట్టుకొని దూరంగా ఒక శిక్షణ కేంద్రానికి పోయి, నీ రకం విమానం నేర్చుకున్నా. నా లైసెన్సులో ఇప్పుడు అది కూడా ఎక్కింది. ముందు నా ఫిర్యాదులు విను. ఎక్కి దిగేసరికి మోకాళ్లు పట్టుకున్నాయి. లోపల కూర్చుంటే ఎండ నేరుగా నడినెత్తిన. దించబోతే దిగదు, రన్‌వే మీద జానెడు ఎత్తున తేలుకుంటా పోతానే ఉంటాది, ఓనరు మాదిరే మొండిది. (నవ్వులు)

ఇంకో మాట కూడా ఉంది, ఇది పందెంలో ఓడి చెప్పేది కాదు, అయ్యన్నా, నువ్వు బాగా విను. నా విమానంలో మలుపు తిరిగితే, తిరిగే దిక్కున రెక్క వాలి కండ్లకు అడ్డం వస్తాది, పోబోయే చోటు కనపడదు. నేను దానికి అలవాటు పడిపోయినా. నీ రకం విమానంలో మొదటిసారి మలుపు తిప్పిన రోజు, తిరిగే దిక్కంతా తలుపు తీసినట్టు తెరుచుకుంది, చెరువులు, గుట్టలు, రోడ్లు, అన్నీ. ఇంకో నాలుగు మలుపులు ఊరికే తిప్పినా. ఇన్నేండ్లూ ఇంత చూసుకుంటా నాకు ఒక్కసారి చెప్పలేదు కదప్పా నువ్వు. నీది మంచి విమానం మారెన్నా. నాదానికంటే మంచిదని అనను, అంత దూరం నేను పోలేను. కానీ మంచిది. (అయ్యన్న లేచి నిలబడి, ఇది చెల్లుతుంది అన్నాడు. చప్పట్లు)

ఇప్పుడు అడగాల్సింది అడుగుతా. విమానం అమ్ముతావో ఉంచుకుంటావో నీ ఇష్టం, నీ చెమటతో కొనుక్కున్నది, దాంట్లో నేను నోరు పెట్టను. రేపు ఆదివారం. పొద్దున్నే పట్టా తీసి, నేను నడిపే సీట్లో, నువ్వు పక్క సీట్లో, నీ విమానంలో కడపకు పోదాం. నా విమానాన్ని షాహనా తెస్తాది, లైసెన్సు వచ్చినప్పటి నుంచి నన్ను ఓడించాలని ఉబలాటపడతాంది. నాకేమో నా విమానాన్నే ఓడించాలని ఉండాది, అది నువ్వు లేకుండా అయ్యే పని కాదు. ఏ ఎత్తున పోతే గాలి కలిసొస్తాదో, నీ విమానం యాడ మొరాయిస్తాదో నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. చూసేదానికి నా కండ్లు ఉండాయి. పక్కన కూర్చొని తిట్టేదానికి నువ్వు కావాల. రాకుంటే నేనేమీ నొచ్చుకోను అని పెద్దమనిషి మాదిరి చెప్పాలని ఇంటికాడ అనుకొని వచ్చినా. చెప్పలేను, నొచ్చుకుంటా. వస్తావా?

(అందరూ మారెన్న వైపు తిరిగారు)

వదినమ్మా, నువ్వు మోచేత్తో పొడవాకు, ఆయననే చెప్పనీ. షాహనా, మైకు ఇయ్యి ఆయనకు. వద్దంటాడా. సరే, కూర్చున్న చోటి నుంచే చెప్పు, నేను అందరికీ చెబుతా.

(మారెన్న కూర్చున్న చోటి నుంచే మాట్లాడాడు)

ఎనక ఉన్నోళ్లకు వినపడిందా? లేదా. ఆయన అన్నది అన్నట్టు చెబుతా వినండి. "బాషా, దించేటప్పుడు తొందరపడి నొక్కాకు. కొంచేపు తేలనీ, దానంతట అదే కూచుంటాది. ఎప్పుడనేది నేను పక్కన ఉండి చెప్తా కదా." అంతే అన్నాడు.

(చప్పట్లు)

వస్తాననే మాట ఈ మనిషి నోట రాదు, ఇదే ఆయన ఒప్పుకోవడం. ఇంక ధన్యవాదాలు తొందరగా చెప్పేస్తా. ఇంతసేపు నన్ను దించకుండా ఓపిక పట్టిన సార్‌కు, మీ ఆయన్ను ఇంట్లోంచి బయటికి తెచ్చిన వదినమ్మకు, మా గోల ఇన్నేండ్లుగా భరిస్తాండే మీ అందరికీ చేతులెత్తి దండం పెడతాండా. పెద్దల ముందర ఏమైనా ఎక్కువ తక్కువ మాట్లాడింటే మన్నించండి. షాహనా, రేపు మీ నాయన కదా అని జాలి చూపాకు. చూపినా చూపకున్నా గెలిచేది నేనూ మారెన్నా. సెలవు.